చిత్రకళలో తొలి పాఠము

ఒకనాడు జోహాన్నెస్ ఇట్టెన్ అను ఉపాధ్యాయుడు తరగతిలోని బల్లమీద ఒక పచ్చ అట్ట పుస్తకమును, దానిపై రెండు నిమ్మపండ్లను ఉంచి, వానిని చిత్రింపుడని విద్యార్థులకు చెప్పెను. విద్యార్థులు చిన్నపిల్లలు కారు, వయస్సు వచ్చినవారు. ఇంత సామాన్యమైన పని తమకు ఒసగుటచే వారికి కొంత చిన్నతనమైనది. క్షణములో నాలుగు గీతలు గీచి, ఇక నేమి అన్నట్లు తలలెత్తిరి. ఇట్టెన్ వారిని మందలింపలేదు. పండ్లను చేతికి తీసికొని, కోసి, తలకొక ముక్క పంచిపెట్టి తినుడనెను. పులుపునకు వారి మొగములు ముడుతలు పడుచుండగా, మీరు గీచిన బొమ్మలో ఈ నిమ్మపండు ఉన్నదా యని అడిగెను. విద్యార్థులు పుల్లని నవ్వు నవ్వి, మఱల కాగితములు తీసిరి.

ఇది చమత్కారమునకై చేసిన పని కాదు. నిమ్మపండు కోలగా నుండునను సంగతి ఎవరికి తెలియదు? తెలిసినదానిని గీచుట యొకటి. చూచినదానిని గీచుట యొకటి. అనుభవించినదానిని గీచుట మఱియొకటి. మొదటిదానినుండి మూడవదానికి విద్యార్థిని నడిపించుట యెట్లు? చిత్రకళ నేర్పబూనిన ప్రతి ఉపాధ్యాయునకు ఎదురయ్యెడి మొదటి చిక్కు ఇదియే. యూరపులోని పాత కళాశాలలు ఈ చిక్కును విప్పలేదు, దాటిపోయినవి. అచట చేరిన విద్యార్థి మొదట అచ్చుబొమ్మలను చూచి గీయవలెను; పిమ్మట ప్లాస్టరు విగ్రహములను చూచి గీయవలెను; అందులో చేయి తిరిగిన పిదపనే సజీవుడైన మనుష్యుని చూచి గీయుటకు అర్హుడగును. ఇంతలో ఏండ్లు గడచును. చేతికి నేర్పు వచ్చును గాని, కంటికి ఆకలి చచ్చును. నల్లబల్లమీది చిలుకను, మామిడికాయను చూచి గీచుటతో డ్రాయింగు పీరియడు ముగిసిపోవుట మన బడులలో చాలమంది యెఱిగినదే. దానికిని ఆ పద్ధతికిని చుట్టరికము లేకపోలేదు.

1919 ఏప్రిల్ నెలలో జర్మనీదేశమున వైమార్ నగరమందు వాల్టర్ గ్రోపియస్ అను వాస్తుశిల్పి 'బౌహౌస్' అను విద్యాలయమును స్థాపించెను. అంతకుముందు ఆ యూర నుండిన చిత్రకళాశాలను, చేతిపనుల పాఠశాలను ఒక్కటిగా చేసి యేర్పఱచిన సంస్థ యిది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి అప్పటికి ఆరు నెలలైనను కాలేదు. విద్యార్థులలో పలువురు యుద్ధరంగమునుండి తిరిగివచ్చిన యువకులు. కొందఱు పాత సైనికదుస్తులతోనే తరగతులకు వచ్చుచుండిరి. చిత్రకారుడు, శిల్పి, వడ్రంగి, నేతగాడు ఒక్క కప్పు క్రింద పనిచేయవలెననియు, కళకును చేతిపనికిని నడుమ గోడ యుండరాదనియు గ్రోపియస్ సంకల్పము. సంకల్పము గొప్పదే గాని, వచ్చిన విద్యార్థులు నానావిధములవారు. ఒకనికి చేతిపని వచ్చును, బొమ్మ రాదు. ఒకనికి బొమ్మ వచ్చును గాని అది యెవరిదో అనుకరణము. వేఱొకనికి ఉత్సాహము తప్ప మఱేమియు లేదు. వీరినందఱిని ఒక్కమారుగా కర్మశాలలలోనికి పంపుట యెట్లు? మొదట ఆరు నెలలపాటు అందఱకును ఒకే ప్రవేశపాఠ్యక్రమమును నేర్పవలెననియు, నేర్చినదంతయు కొంతకాలము మఱచిపోవుటకు వారికి అవకాశ మీయవలెననియు సూచించినవాడు ఇట్టెన్. ఈ క్రమము తరువాత అందఱకును తప్పనిసరి చేయబడెను. దీనిని దాటనిదే ఏ కర్మశాలయందును ప్రవేశము లేదు.

ఇట్టెన్ స్విట్జర్లండు దేశీయుడు, 1888లో జన్మించెను. చిత్రకారు డగుటకు పూర్వము అతడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఈ విషయము గమనింపదగినది. 1908లో ఒక చిన్న గ్రామమున పిల్లలకు చదువు చెప్పుచుండగనే అతనికి ఒక సంగతి బోధపడెను: పిల్లవాని బొమ్మపై ఉపాధ్యాయుడు దిద్దిన ప్రతి గీత పిల్లవాని ధైర్యముపై బడిన దెబ్బ. కావున నాటినుండి అతడు పిల్లల పుస్తకములలో చేయి పెట్టలేదు. తప్పులను ఎవరిదని చెప్పక, తరగతి కంతకును కలిపి వివరించెడివాడు. తరువాత వియన్నాలో 1916లో సొంతముగా చిత్రకళాపాఠశాలను పెట్టినప్పుడును, వైమారునకు వచ్చినప్పుడును ఇట్టెన్ వెంట వచ్చినది ఆ పల్లెబడి యుపాధ్యాయుడే.

వైమారులో అతని తరగతి ఉదయమున శ్వాసతో ప్రారంభమగుచుండెను. కుర్చీలలో కూర్చుండుట కాదు. అందఱు నిలువబడి ఊపిరి నెమ్మదిగా పీల్చి విడువవలెను. చేతులు, భుజములు, నడుము వదులగునట్లు ఊపవలెను. పిదప పెద్ద కాగితములపై బొగ్గుకడ్డితో వలయములు, అలలు, సుడులు—ముంజేతితో కాదు, మొత్తము శరీరముతో గీయవలెను. గీతకు ముందు కదలిక ఉండవలెననియు, కదలికకు ముందు అది మనస్సులో ఉండవలెననియు ఇట్టెన్ వాదము. చూచినవారికిది వ్యాయామశాలగా తోచియుండును. కాని వేకువనే వాకిట ముగ్గు పెట్టెడి ఇల్లాలి చేతిని గమనించినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. ఆమె చుక్కలను లెక్కించును గాని గీతను లెక్కింపదు. అది నడుమునుండి వచ్చును.

పిమ్మట పదార్థముల పాఠము. విద్యార్థులు ఊరిమీద బడి, చెత్తకుప్పలలోనివి, వడ్రంగి పారవేసినవి, కమ్మరి వదలినవి ఏరి తెచ్చుచుండిరి: రంపపుపొట్టు, తుప్పుపట్టిన తీగ, గాజుపెంకు, ఉన్ని, ఈక, చెట్టుబెరడు. కన్నులు మూసికొని వ్రేళ్లతో తడవి చూడవలెను. గరుకునకు ప్రక్కన నునుపు, మెత్తనిదానికి ప్రక్కన కఠినము, మెఱయుదానికి ప్రక్కన మాసినది పెట్టి, ఒకదానివలన మఱియొకటి యెట్లు స్పష్టమగుచున్నదో కనుగొనవలెను. చివరకు, ఏ పదార్థము చేత లేకుండ, ఆ గరుకుదనమును, నునుపును కేవలము పెన్సిలుతో కాగితముపై రప్పింపవలెను. ఇట్టెన్ బోధనకంతటికిని మూలస్తంభము ఈ వైరుధ్యమే. పెద్ద-చిన్న, వెలుగు-నీడ, నిలువు-అడ్డము, నిశ్చలము-చంచలము. ప్రపంచమున ఏదియు ఒంటరిగా తెలియబడదు, ఎదుటిదానిచేతనే తెలియబడును. ఇది చిత్రకళకు మాత్రమే చెల్లెడి మాట కాదు గాని, చిత్రకళలో దీనిని చేతితో పట్టి చూపవచ్చును.

పూర్వచిత్రకారుల పటములను పరిశీలించుటయు ఈ క్రమములో నొక భాగము. పటమును నకలు చేయుట కాదు. అందులోని బలము ఎచ్చటనుండి వచ్చుచున్నదో గీతలతో వెదకుట. ఒకమారు గ్రూనెవాల్డు చిత్రించిన ఏడ్చుచున్న మగ్దలేన మరియను ఇట్టెన్ చూపించెను. విద్యార్థులు బుద్ధిగా తలలు వంచి, ఆ చిత్రములోని కూర్పును విడదీయుటకు పూనుకొనిరి. ఇట్టెనుకు ఆగ్రహము వచ్చెను. మీకు హృదయమున్నచో ఇట్లు కూర్చుండి గీయుచుందురా, కన్నీరు కార్చుచుందురు గాని, అని కేకవేసి తలుపు దడాలున మూసి వెడలిపోయెనట. ఈ వృత్తాంతమును అక్కడ బోధించుచుండిన ఆస్కార్ ష్లెమ్మర్ ఒక లేఖలో వ్రాసియున్నాడు. పాపము, ఆ విద్యార్థులు ఉపాధ్యాయుడు చెప్పిన పనినే చేయుచుండిరి గదా! తరగతిలో ఆవేశమునకును తావుండవలెను గాని, ఆవేశమును ఆజ్ఞాపించుట ఎవరివలన నగును?

ఇట్టెన్ లోపము ఇచ్చటనే కలదు. అతడు ఉపాధ్యాయుడుగా నుండి క్రమముగా మతగురువగుచుండెను. 'మజ్దజ్నన్' అను ఒక మతసంప్రదాయమును అవలంబించి, తల గొఱిగించుకొని, దీక్షాధారివలె అంగీ తొడగి, ఉపవాసములను, వెల్లుల్లి మెండుగా వేసిన శాకాహారమును విద్యార్థులకును అలవఱచెను. విద్యాలయపు భోజనశాలలోనికి సైతము ఆ వెల్లుల్లి ప్రవేశించెను. శిష్యులలో కొందఱు అతనివలెనే నడచుచు, అతనివలెనే దుస్తులు ధరించుచుండిరి. ప్రతి విద్యార్థి తన సొంతమార్గమును కనుగొనవలెనని బోధించిన గురువునకు తననే అనుకరించు శిష్యులు దొరకుట విధివైపరీత్యము. గ్రోపియసునకును ఇతనికిని పొసగలేదు. కర్మశాలలు బయటి ప్రపంచమునకు ఉపయోగపడు వస్తువులను చేయవలెనని గ్రోపియస్. మనుష్యుని లోపలిభాగమును తీర్చుటయే విద్య యని ఇట్టెన్. 1923లో ఇట్టెన్ వైమారు విడిచిపోయెను.

అతడు పోయినను అతడు పెట్టిన తరగతి నిలిచెను. హంగెరీ దేశీయుడైన మొహోలీ-నాజ్ దాని బాధ్యత వహించెను. అతనితో కలిసి పదార్థపాఠములు నేర్పినవాడు యోజెఫ్ ఆల్బర్స్. ఇతడును 1888లో పుట్టినవాడే, ఇతడును ప్రాథమిక పాఠశాలలో పెక్కేండ్లు పనిచేసినవాడే. ముప్పది రెండేండ్ల వయస్సున, ఇక నేర్పుట చాలించి నేర్చుకొందునని, బౌహౌసులో విద్యార్థిగా చేరెను.

ఆల్బర్స్ తొలి పాఠమును గుఱించి అతని శిష్యుడు హాన్నెస్ బెక్మన్ జ్ఞప్తి చేసికొనిన ముచ్చట ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. ఆల్బర్స్ ఒక కట్ట వార్తాపత్రికలతో తరగతికి వచ్చి, అందఱకు పంచి, వీనితో ఏదైన చేయుడు; కాగితమును గౌరవింపుడు; దాని గుణము చెడకుండ వాడుడు; సాధ్యమైనచో కత్తెర, కత్తి, జిగురు లేకయే చేయుడు, అని చెప్పి వెడలిపోయెను. కొన్ని గంటల తరువాత వచ్చి చూడగా నేలమీద కోటలు, పడవలు, విమానములు, ముసుగులు, జంతువులు బారులు తీరి యుండెను. ఇవి కిండర్గార్టెన్ పనులు. వీనిలో చాలవానికి వేఱు పదార్థ మింకను బాగుగ నుండును, అని ఆల్బర్స్ త్రోసివేసెను. పిదప ఒక హంగెరీ యువకుడు చేసినదానిని చూపెను. అతడు కాగితమును నిలువుగా మడిచి, అంచుమీద నిలువబెట్టెను, అంతే. అది మడిచిన రెక్కవలె నిలిచియుండెను. ఆల్బర్స్ వివరించెను: పఱచియున్న కాగితమున ఒక వైపు మాత్రమే కనబడును, రెండవ వైపు వ్యర్థము, నిలుచున్న కాగితమునకు రెండు వైపులును కనబడును, మెత్తని కాగితమునకు మడతచేత బలము వచ్చినది, సోమరిగా పడియుండునది లేచి నిలిచినది. అతడు ఆ దినమున వారికి చూపినది కాగితమనునది యేమియో!

ఈ పాఠమున ఖర్చు లేదు. రంగుల పెట్టె లేదు. పాత వార్తాపత్రిక లేని ఊరు లేదు. పరికరములు లేవు గనుక చిత్రకళ చెప్పలేకపోవుచున్నామను మాటకు ఆల్బర్స్ తరగతి ఎన్నటికిని చాలిన సమాధానము. జర్మనీలో అప్పటి ద్రవ్యోల్బణమున రొట్టెధర పూటపూటకు మాఱుచుండెను. ఆ విద్యాలయమునకు ధన మెక్కడిది? లేమినే వారు పాఠముగా మార్చుకొనిరి.

ఆ రోజులలోనే ఈ విద్యాలయపు చిత్రములు మన దేశమునకు వచ్చినవను సంగతి పెక్కుమంది యెఱుగరు. 1922 డిసెంబరులో కలకత్తాలో ప్రాచ్యకళాసంఘము వారి ప్రదర్శనమున ఇట్టెన్, కాండిన్స్కీ, క్లే మున్నగువారి చిత్రములు అవనీంద్రనాథ, గగనేంద్రనాథ ఠాకూరుల వర్గమువారి చిత్రములతో కలిసి ప్రదర్శింపబడినవి. అప్పుడు శాంతినికేతనమున బోధించుచుండిన స్టెల్లా క్రామ్రిష్ ఇందుకు ప్రధానకారకురాలు. ఆ చిత్రముల మార్గము మన చిత్రకారులను ఎంతవఱకు ఆకర్షించినదను చర్చ యిచట నవసరము లేదు. కాని ఆ తొలి పాఠ్యక్రమము మాత్రము తరువాతి కాలమున, 1961లో అహమ్మదాబాదున స్థాపింపబడిన జాతీయ డిజైను సంస్థకు ప్రవేశవర్షపు పునాది యైనది.

1925లో బౌహౌస్ డెస్సౌ నగరమునకు, 1932లో బెర్లినునకు తరలిపోయెను. 1933లో నాజీలు అధికారమునకు వచ్చిన కొలది మాసములలో దాని తలుపులు మూతబడినవి. ఆల్బర్స్ ఆ యేడే అమెరికాకు పోయి, ఉత్తర కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలోను, 1950 నుండి యేల్ విశ్వవిద్యాలయమందును అదే పాఠమును చెప్పెను. ఇట్టెన్ స్విట్జర్లండు చేరి జూరిచ్ నగరమున కళాశాలకు అధ్యక్షుడయ్యెను. గొప్పవారి చరిత్ర యింతటితో ముగియును. కాని ఆ తరగతిలో కూర్చుండిన ఒక విద్యార్థిని చరిత్ర యింకను గలదు. ఆ పాఠ్యక్రమము ఎంత గట్టిదో పరీక్షకు వచ్చినది ఆమె చేతులలోనే.

ఆమె పేరు ఫ్రీడ్ల్ డికర్. 1898లో వియన్నా నగరమున ఒక పేద యూదుకుటుంబమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తల్లి చనిపోయెను. తండ్రి కాగితములు, కలములు అమ్మెడి అంగడిలో పనివాడు. ఇట్టెన్ వియన్నాలో పాఠశాల పెట్టగానే చేరి, అతడు వైమారు పోగా అతనితోగూడ వైమారు పోయి 1923 వఱకు అచట నేర్చెను. నేతపని, అచ్చుపని, పుస్తకములకు అట్టలు కట్టుట, నాటకరంగమునకు అలంకరణ—ఆమె చేయి పెట్టని పని లేదు. తిరిగి వియన్నాకు వచ్చి సహాధ్యాయుడు ఫ్రాంజ్ సింగరుతో కలిసి గృహాలంకరణశాలను నడిపెను. మాంటిస్సోరీ శిశువిద్యాలయమునకు బల్లలను, కుర్చీలను, బొమ్మలను వారే కల్పించిరి. 1931లో వియన్నా నగరపాలకులు శిశువిద్యాలయముల ఉపాధ్యాయినులకు చిత్రకళ బోధించుటకు ఆమెను నియమించిరి. 1934లో ఆస్ట్రియాలో అంతఃకలహము చెలరేగి వామపక్షమువారు అణచబడినపుడు ఆమెయును చెఱలో పెట్టబడెను. విడుదలయైన పిదప ప్రాగ్ నగరమునకు పోయి, అచటికి పాఱిపోయి వచ్చిన కాందిశీకుల పిల్లలకు బొమ్మలు నేర్పసాగెను. ఆ తరగతిలో ఆమెకు తోడ్పడిన ఈడిత్ క్రేమర్ అను శిష్యురాలు 1938లో అమెరికా చేరి, చిత్రలేఖనముచే మనోవ్యథను ఉపశమింపజేయు విద్యకు అచట పునాదులు వేసినవారిలో నొకతె యయ్యెను.

1936లో ఫ్రీడ్ల్ తన బంధువైన పావెల్ బ్రాండైసును వివాహమాడెను. దేశాంతరము పోవుటకు అవకాశము వచ్చినను భర్తను విడిచి పోలేదు. హ్రోనోవ్ అను చిన్న యూర కొంతకాలము తలదాచుకొనిరి. 1942 డిసెంబరులో వారిరువురకు టెరెజీన్ వెళ్లుటకు ఆజ్ఞ వచ్చెను. తలకు 50 కిలోల సామాను మాత్రమే తీసికొనిపోవచ్చును. దుప్పట్లా, రొట్టెలా, చలిదుస్తులా? ఫ్రీడ్ల్ తన వంతు బరువులో చాలభాగము కాగితములతోను, రంగులతోను నింపికొనెను.

టెరెజీన్ ప్రాగ్ నగరమునకు ఉత్తరమున నున్న పాత కోటయూరు. యుద్ధమునకు ముందు ఏడువేలమంది యుండిన ఆ యూర 1942 సెప్టెంబరు నాటికి 58 వేలమందిని కుక్కిరి. యుద్ధము ముగియులోపల అచటికి కొనిరాబడిన యూదులు 1,40,000 మందికి మించియుందురు. వారిలో 33 వేలమంది ఆకలిచేతను, వ్యాధులచేతను అచటనే మరణించిరి. 88 వేలమంది తూర్పున నున్న మరణశిబిరములకు పంపబడిరి. పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి గృహములలో నుంచిరి. మూడంతస్తుల చెక్కమంచములు, నల్లులు, ఆకలి, ఏనాడు ఎవరి పేరు తూర్పుబండికి పిలువబడునో యను భయము. చదువు చెప్పుట నిషిద్ధము. పాటలకు, ఆటలకు, బొమ్మలకు మాత్రము అడ్డు చెప్పలేదు. బొమ్మలు గీచుట చదువు కాదని ఆ పాలకుల అభిప్రాయము కాబోలు! (మఱి కొన్నిచోట్ల మంచి ప్రభుత్వముల క్రిందను ఇదే అభిప్రాయము కలవారు లేకపోలేదు.)

ఎల్ 410 అను గుర్తు గల బాలికల గృహమున ఫ్రీడ్ల్ తరగతి ప్రారంభమయ్యెను. తెచ్చిన కాగితములు ఎంతకాలము వచ్చును? తరువాత కచ్చేరీలలో వాడి పారవేసిన ఫారములు, పొట్లపు కాగితములు, పాత పటముల వెనుకవైపులు. రంగు లేనిచోట రంగుకాగితపు ముక్కలను చింపి అంటించుట. తప్పిపోయిన తల్లికై ఏడ్చి వచ్చిన పిల్లను కూర్చుండబెట్టి, నీ యిష్టము వచ్చినది గీయుమని విడిచిపెట్టుట సులభము. ఫ్రీడ్ల్ అట్లు చేయలేదు. ఇట్టెన్ తరగతిలో నేర్చిన క్రమమునే తీసికొనెను. ఆమె బల్లపై దరువు వేయుచుండగా పిల్లలు ఆ లయకు సరిగా గీతలు గీయవలెను: బరువుగా, తేలికగా, తొందరగా, నెమ్మదిగా. వలయములు, అలలు, సుడులు. వెలుగు-నీడల పాఠము, రంగుల వైరుధ్యము. కూజాలో నిలిపిన పూలను చూచి గీచుట. వెర్మీరు, క్రానాఖు వంటి పూర్వుల పటముల నకళ్లు చూపి, అందులోని కూర్పును రంగుకాగితపు ముక్కలతో తిరిగి కట్టించుట.

ఈ క్రమశిక్షణ ఎందులకు? ఆలోచింపదగిన ప్రశ్న యిది. నేటి విద్యావేత్తలలో కొందఱు, పిల్లలకు స్వేచ్ఛ నిచ్చిన చాలు, పాఠమేల యందురు. మఱికొందఱు, పాఠము చెప్పినచాలు, స్వేచ్ఛ యేల యందురు. భయముచే మనస్సు గడ్డకట్టిన పిల్లకు ఖాళీ కాగితము స్వేచ్ఛ కాదు. అదియు నొక భయమే. దరువు విని గీత గీయుమన్నచో చేయి కదలును. చేయి కదలిన వెనుక ఊపిరి కదలును. ఆ లయలోనుండి ఒక ఇల్లు, ఒక తోట, బల్లమీద దీపము వాని యంతట అవి రాసాగును. వైమారులో యువచిత్రకారుల అహంకారమును కరగించుటకు ఏర్పడిన ఆ వ్యాయామము టెరెజీనులో పిల్లల భయమును కరగించుటకు పనికివచ్చెను.

1943లో ఆమె శిబిరమందలి తక్కిన ఉపాధ్యాయులకు పిల్లల చిత్రములను గుఱించి ఒక ఉపన్యాస మిచ్చెను. దాని వ్రాతప్రతి నిలిచియున్నది. తరగతి యుద్దేశ్యము పిల్లలను చిత్రకారులుగా చేయుట కాదనియు, వారిలోని సృజనశక్తిని, స్వతంత్రముగా చూచెడి చూపును కాపాడుటయే యనియు ఆమె చెప్పెను. సౌందర్యమనగా ఇది యని పిల్లలకు ముందుగనే నిర్ణయించి చెప్పుట వారి దారిని మూయుటయే అనెను. పిల్లలను తొందరపెట్టి తమవంటివారినిగా చేయ జూచెడి పెద్దలు తాము నిజముగా అంత తృప్తితో నున్నారా యని ప్రశ్నించెను. శిబిరములో నున్న ఉపాధ్యాయులు రేపటి సంగతి తెలియని స్థితిలో కూర్చుండి బోధనాపద్ధతులను చర్చించుకొనుట తలచుకొన్నచో ఆశ్చర్యము కలుగును. జీతము లేదు, పరీక్షలు లేవు, ఇన్స్పెక్టరు లేడు.

ఆ పిల్లలు ఏమి గీచిరి? మూడంతస్తుల మంచములు, అన్నమునకు బారు తీరి నిలిచినవారు, కావలివారు—ఇవియు కలవు. కాని అత్యధికముగా కనబడునవి ఇండ్లు, పూలు, సీతాకోకచిలుకలు, చుట్టును కుటుంబము కూర్చుండిన భోజనపు బల్లలు, రైళ్లు, కథలలోని రాజకుమార్తెలు. చూచినదానిని గీయుటకంటె, కోల్పోయినదానిని గీయుటకు వారి చేతులు పరుగెత్తినవి. చిత్రములన్నియు గొప్పవని చెప్పరాదు. కొన్ని కేవలము అభ్యాసములు, కొన్ని సగములో నాగిపోయినవి. ఒక తరగతి పుస్తకములవలెనే ఉన్నవి. బహుశః అందువలననే వానిని చూచినవారికి గొంతు పట్టుకొనును.

ఫ్రీడ్ల్ ఒక నియమమును తప్పక పాటించెను. ప్రతి పిల్ల తన బొమ్మపై తన పేరు వ్రాయవలెను. ఆ యూర ప్రతి మనిషికి ఒక బండిసంఖ్య, ఒక వరుససంఖ్య; పేరుతో పాలకులకు పని లేదు. పిల్లలు పేరు, కొందఱు వయస్సు, తమ గది సంఖ్య వ్రాసిరి. ఆమె వానిని తారీకుల వారీగా, గదుల వారీగా సర్ది భద్రపఱచుచుండెను. తన సొంత చిత్రములపై ఆమె సంతకము చేయుట అప్పటికి చాలభాగము మానివేసెను.

1944 జూన్ 23వ తేదీన రెడ్ క్రాస్ ప్రతినిధులు వచ్చి చూచిరి. వారి కొఱకు వీథులు కడిగి, గోడలకు రంగులు వేసి, పూలమొక్కలు నాటి యుంచిరి. చూచి వెళ్లిరి. సెప్టెంబరు 28వ తేదీనుండి ఒక నెలలో పదునెనిమిది వేలమందికి పైగా తూర్పునకు పంపబడిరి. మొదటి బండిలోనే పావెల్ బ్రాండైస్ వెళ్లెను. ఫ్రీడ్ల్ తనంతట తానే పేరిచ్చి అక్టోబరు 6వ తేదీ బండి యెక్కెను. ఆమెతోగూడ ఆమె శిష్యురాండ్రలో పలువురు వెళ్లిరి. అక్టోబరు 9వ తేదీన ఆష్విట్జులో ఆమెను చంపిరి. భర్త మఱియొక శిబిరమునకు పంపబడి, బ్రదికి బయటపడెను. తన భార్య యెచటికి వచ్చినదో ఆయనకు అప్పుడు తెలియదు.

బయలుదేరుటకు ముందు ఆమె పిల్లల బొమ్మలన్నింటిని రెండు సూటుకేసులలో సర్ది బాలికల గృహమున వదలెను. సుమారు 4,500 బొమ్మలు. యుద్ధము ముగిసిన పిదప, 1945 ఆగస్టులో, ఆ గృహనిర్వాహకుడైన విల్లీ గ్రోగ్ వానిని మోసికొనిపోయి ప్రాగ్ నగరమందలి యూదుసంఘమువారి కప్పగించెను. అప్పటికి వానిని ఎవరు చూతురు? తిరిగి రానివారి లెక్కలతోనే ఆ సంఘమునకు తీరిక లేదు. కొన్నియేండ్లు అవి అట్లే యుండినవి. తరువాత ప్రదర్శింపబడినవి, 1959లో ప్రాగ్ లోని యూదు మ్యూజియమువారు కొన్నిటిని అదే శిబిరములోని పిల్లల కవితలతో చేర్చి గ్రంథముగా ప్రకటించిరి. ఆ గ్రంథము పలుభాషలలోనికి పోయెను.

నేడు ఆ బొమ్మలు ప్రాగ్ మ్యూజియమువారి అధీనమున నున్నవి. వానిలో కొన్ని పింకాస్ ప్రార్థనామందిరమున గాజుపలకల వెనుక కనబడును. మ్యూజియమువారు బొమ్మలపై నున్న పేర్లను పట్టుకొని బండ్ల జాబితాలతో సరిచూచి, గీచిన పిల్లలు ఎప్పుడు పుట్టినదియు, ఎప్పుడు టెరెజీను చేరినదియు, ఏ బండిలో ఎచటికి పంపబడినదియు కనుగొనిరి. చాలపేర్ల ప్రక్కన చివరి తేదీ 1944 అక్టోబరు. కొన్నింటి ప్రక్కన, బ్రదికినది అని యున్నది. కాగితమును త్రిప్పి చూచినచో వెనుకవైపున పూర్తిచేయని కచ్చేరీ ఫారములు, వానిలో పేరు వ్రాయవలసినచోట ఖాళీగళ్లు.